మందు మానిన మొదటి ఐదు రోజులు: ఒంట్లో ఏం జరుగుతుంది, ఇంట్లో ఏం చూసుకోవాలి

రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మందు ఆపేసే సందర్భాలు కొన్ని ఉంటాయి. అయ్యప్ప మాల వేసుకున్న రోజు, ఇంట్లో పెద్ద గొడవైన మర్నాడు, బండి మీద నుంచి పడి కాలు విరిగి ఆస్పత్రిలో చేరిన రోజు. మొదటి రోజు చేతులు వణుకుతాయి. రెండో రాత్రి కంటి మీద కునుకుండదు. మూడో రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయంటాడు, చచ్చిపోయిన నాన్న గుమ్మంలో నిలబడ్డాడంటాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, లేదా నియమం తప్పినందుకు స్వామికి కోపం వచ్చిందనుకుంటారు. తాయెత్తు కట్టించే లోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇది గాలీ కాదు, శాపమూ కాదు. మందు ఆగినందుకు మెదడు చేసే తిరుగుబాటు. డాక్టర్లు విత్‌డ్రాయల్ అంటారు. ఏ లక్షణం ఎన్ని గంటలకు వస్తుందో చాలావరకు ముందే చెప్పొచ్చు, మందులతో అదుపు చేయొచ్చు. పట్టించుకోకపోతే మాత్రం ప్రాణం తీస్తుంది. ఇది మనోబలానికి పరీక్ష కాదు. ఎంత గట్టి పట్టుదల ఉన్నవాడికైనా ఫిట్స్ రావచ్చు.

మెదడులో గాబా అనే రసాయనం నరాలను నెమ్మదింపజేస్తుంది, గ్లుటమేట్ ఉసిగొల్పుతుంది. కావడికి రెండు వైపులా బరువున్నట్టు ఈ రెండూ సరితూగి ఉంటాయి. మందు నెమ్మదింపజేసే వైపు బరువు పెంచుతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే మెదడు రెండో వైపు కూడా బరువు పెంచుకుని సర్దుకుంటుంది. ఒక్క రోజులో మందు తీసేస్తే కావడి ఆ రెండో వైపుకి ఒరిగిపోతుంది. వణుకు, చెమట, గుండె దడ, ఫిట్స్ అన్నీ అందులోంచి వచ్చేవే. మళ్లీ సరితూగడానికి మెదడుకు కొన్ని రోజులు కావాలి.

ఆపే ముందు ఎంత తాగుతున్నారో నిజం లెక్క వేయండి. 30 మిల్లీలీటర్ల విస్కీ లేదా బ్రాందీ పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు, 375 మిల్లీలీటర్ల హాఫ్‌లో 125 గ్రాములకు పైగా ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటే 40 గ్రాములు, అంటే నాలుగు పెగ్గులు. కాబట్టి రోజుకు రెండు స్ట్రాంగ్ బీర్లు తాగే మనిషి క్వార్టర్ తాగేవాడి కంటే ఎక్కువే తాగుతున్నాడు. ‘బీరే కదా’ అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఇంట్లోనే ఆపడం కొందరికి బొత్తిగా మంచిది కాదు. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ జరిగినవాళ్లు, పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితే తప్ప చేతి వణుకు ఆగనివాళ్లు, రోజూ హాఫ్ దాటేవాళ్లు, కామెర్లు లేదా పొట్టలో నీరు ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు, ఈ మధ్య తలకు దెబ్బ తగిలినవాళ్లు, ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు ఆస్పత్రిలో చేరే మానాలి. పాత అనుభవాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మానడం, మళ్లీ మొదలుపెట్టడం పదేపదే జరిగిన కొద్దీ మెదడు మరింత సులువుగా రెచ్చిపోతుంది. పోయినసారి వణుకుతో పోయింది కదా అని ఈసారీ అంతే అనుకోవడానికి లేదు.

మిగతావాళ్లు కూడా ముందు డాక్టర్ని కలిసి, ఆ తర్వాతే ఆపాలి. మాల వేసుకోవాలనుకుంటే వారం ముందే ఆస్పత్రికి వెళ్లండి. డాక్టర్ని కలిసే దాకా ఒక్కసారిగా ఆపేయకండి, అలవాటైన మోతాదు పెంచకండి కూడా. ఇంకో నాలుగు రోజులు తాగమని చెప్పడం వినడానికి విడ్డూరంగా ఉంటుందని తెలుసు. అయినా రోజూ బాగా తాగేవాడికి మందుల సాయం లేకుండా సున్నాకు దిగడమే ఎక్కువ ప్రమాదం.

డాక్టర్ సాధారణంగా లివర్ పరీక్షలు, షుగర్, రక్తకణాలు, సోడియం, పొటాషియం చూస్తారు. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయజెపాక్సైడ్ గానీ డయజెపామ్ గానీ ఇస్తారు. లివర్ బాగా చెడినవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు లోరాజెపామ్ వైపు మొగ్గుతారు. మొదటి రోజు ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ ఐదు నుంచి పది రోజుల్లో ఆపేస్తారు. ఇక్కడ జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఒకే రకంగా ఉంటాయి. మత్తుగా ఉందని రెండో రోజే మాత్రలు ఆపేస్తారు, మూడో రోజు ఫిట్స్ వస్తాయి. మాత్ర మీద మందు తాగుతారు, రెండూ కలిసి ఊపిరిని అణిచేస్తాయి. నిద్ర బాగా పడుతోందని నెలల తరబడి వాడతారు, అప్పుడది ఇంకో అలవాటు అవుతుంది. బావమరిదికి రాసిన పాత చీటీ చూపించి కొనుక్కోవడమూ ఉంది. మాత్రల స్ట్రిప్ తాగే మనిషి చేతిలో ఉండకూడదు. ఇంట్లో ఒకరే దాచి, వేళకు ఇచ్చి, ఇచ్చిన టైము రాసుకోవాలి. మనిషి మగతలో ఉండి పిలిస్తే సరిగా పలకకపోతే, తర్వాతి మాత్ర వేసే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

రెండో మందు బీ1 విటమిన్, అంటే థయమిన్. చాలా ఊళ్లలో ఇది వదిలేసి గ్లూకోజ్ సీసా ఎక్కించేస్తారు. ఎక్కువగా తాగేవాళ్ల ఒంట్లో బీ1 నిల్వ అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఒంటికి బీ1 కావాలి. ఉన్న కాస్తా ఆ గ్లూకోజ్‌కే ఖర్చైపోతే మెదడు దెబ్బతింటుంది. చూపు తడబడటం లేదా రెండుగా కనపడటం, నడక తూలడం, గందరగోళం దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్లీ రాకుండా పోవచ్చు. అందుకే ‘సెలైన్ పెట్టండి’ అని అడిగే నోటితోనే ‘ముందు బీ1 ఇంజెక్షన్ ఇచ్చారా’ అని అడగండి. షుగర్ ప్రమాదకరంగా పడిపోతే మాత్రం బీ1 కోసం గ్లూకోజ్ ఆపకూడదు, రెండూ కలిపే ఇవ్వాలి. తాగేవాళ్ల పేగులు విటమిన్‌ను సరిగా పీల్చుకోవు, అందుకే మొదటి రోజుల్లో ఇంజెక్షన్ మేలు. మామూలు బీ-కాంప్లెక్స్ మాత్రలో ఉండే బీ1 ఈ పనికి చాలదు.

ఇక గంటల లెక్క. ఇది మానాలనుకున్న నిమిషం నుంచి కాదు, చివరి చుక్క గొంతు దిగిన నిమిషం నుంచి నడుస్తుంది. ఆ టైము కాగితం మీద రాసి గోడకు అంటించండి.

6 నుంచి 12 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, గుండె దడ, వికారం, తలనొప్పి, అకారణ భయం మొదలవుతాయి. రాత్రి పదింటికి తాగి పడుకున్నవాడికి పొద్దున ఆరింటికి చేయి వణికేది ఇందుకే. 12 నుంచి 24 గంటల మధ్య కొందరికి లేని మాటలు వినపడతాయి, చర్మం మీద చీమలు పాకినట్టుంటుంది. కానీ తానెక్కడున్నాడో తెలిసే ఉంటుంది. ఫిట్స్ 6 నుంచి 48 గంటల మధ్య ఎప్పుడైనా రావచ్చు, ఒక్కోసారి పెద్దగా వణుకు లేకుండానే వచ్చేస్తాయి.

అసలు మోసం మూడో రోజుది. వణుకు కాస్త సర్దుకుంటుంది, ‘గండం గడిచింది’ అని ఇంట్లోవాళ్లు పనులకు వెళ్లిపోతారు. డెలీరియం ట్రెమెన్స్ అనే పెద్ద ప్రమాదం వచ్చేది సరిగ్గా అప్పుడే, 48 నుంచి 96 గంటల మధ్య. మనుషుల్ని గుర్తుపట్టడు, పగలో రాత్రో తెలియదు, దుప్పటి పీకుతూ గాల్లో ఏదో పట్టుకోబోతాడు. ఒళ్లు కాలిపోతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది. ఇది అందరికీ రాదు, కొద్దిమందికే వస్తుంది. వచ్చినవాళ్లను ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం వీల్లేదు. కాబట్టి సెలవు పెట్టేవాళ్లు మొదటి రోజు ఒక్కటే కాదు, నాలుగో రోజు దాకా పెట్టుకోండి.

డాక్టర్ ఇంట్లో ఉండొచ్చన్నాక ఒకే మనిషి, లేదా ఇద్దరు వంతులవారీగా, ఎప్పుడూ పక్కనుండాలి. గది ప్రశాంతంగా ఉండాలి, రాత్రి చిన్న బల్బు వెలగాలి. చీకట్లో కొక్కేనికి వేలాడే చొక్కా కూడా మనిషిలా కనపడి భయపెడుతుంది. గోడ గడియారం, క్యాలెండర్ కంటికి ఎదురుగా ఉంచండి. బాత్రూం గడియ లోపల వేసుకోనివ్వకండి. డాబా ఎక్కడం, బండి నడపడం, పొయ్యి దగ్గర పని వద్దు. మాలలో ఉన్న స్వాములు తెల్లవారుజామున బావి దగ్గరా, చెరువులోనూ, కాలువలోనూ స్నానం చేస్తారు. నీళ్లలో ఉండగా ఫిట్స్ వస్తే మునిగిపోతారు. ఈ ఐదు రోజులూ ఇంట్లోనే, కూర్చుని, ఒకరు తోడుండగా చెంబుతో పోసుకోవాలి. ఒంటిపూట భోజనం నియమం కూడా ఈ వారానికి సడలించమని గురుస్వామికి విషయం చెప్పి అడగండి.

తిండి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. రాగి జావ, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు, మాలలో లేకపోతే గుడ్డు. మజ్జిగ, మంచినీళ్లు కలిపి రోజుకు రెండు మూడు లీటర్లు. వాంతులుంటే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించాలి. పొట్టలో నీరు, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉంటే నీళ్ల కొలత డాక్టర్ చెప్పాలి. కాఫీ, టీ తగ్గించండి, అవి దడను పెంచుతాయి. షుగర్ జబ్బున్నవాళ్లకు చెమట, వణుకు కనపడితే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. తినకుండా షుగర్ మాత్ర వేసుకున్నా అవే లక్షణాలొస్తాయి. తలనొప్పికి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములవి రోజుకు నాలుగు దాటకూడదు, లివర్ చెడి ఉంటే అసలు వేసుకోవచ్చో లేదో డాక్టర్నే అడగాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వద్దు, పుండుపడిన కడుపులో రక్తం కారుతుంది.

నాలుగు గంటలకోసారి ఒక నోటుపుస్తకంలో ఐదు విషయాలు రాయండి: నిమిషానికి నాడి ఎంత, జ్వరం ఎంత, చేతులు చాపి వేళ్లు ఎడంగా పెడితే వణుకు ఎంత, చెమట ఎంత, ‘ఇవాళ ఏ వారం, ఇది ఎవరిల్లు’ అంటే ఏం చెప్పాడు. ఆస్పత్రుల్లో ఇలాంటి పది విషయాలకు మార్కులు వేస్తారు, మొత్తం 67. ఎనిమిది లోపైతే తేలిక, 15 దాటితే తీవ్రం. మీరు మార్కులు వేయనక్కర్లేదు, గీత పైకి పోతోందా కిందికి దిగుతోందా అన్నది తెలిస్తే చాలు.

నాడి 120 దాటినా, జ్వరం 101 దాటినా, తడబడుతూ మాట్లాడినా, లేనివి కనపడుతున్నా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, రక్తపు వాంతైనా, విరేచనం తారులా నల్లగా ఉన్నా, ఒక్కసారి ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. చివరి పెగ్గు ఎప్పుడు పడిందో, ఏ మాత్రలు వేశారో అంబులెన్స్ వాళ్లకు చెప్పండి. ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి.

ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, పళ్ల మధ్య చెంచా దూర్చొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. పూర్తిగా తెలివొచ్చే దాకా నోటి ద్వారా మాత్ర కూడా వద్దు. మతి తప్పి అరుస్తుంటే వాదించకండి, ‘పాములు లేవు’ అని గద్దించకండి. పేరు పెట్టి పిలిచి, మీరెవరో చెప్పి, కత్తులు, కర్రలు పక్కకు తీసేయండి. మంచానికి కట్టేస్తే పెనుగులాటలో ఒంటి వేడి ఇంకా పెరుగుతుంది. ‘ఒక్క పెగ్గు పోస్తే దారికొస్తాడు’ అనే సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ స్థితిలో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఆపరేషన్‌కో, విరిగిన ఎముకకో ఆస్పత్రిలో చేరినప్పుడు తాగుడు సంగతి దాచొద్దు. పరువు కోసం భార్య చెప్పదు, భయం కొద్దీ కొడుకు చెప్పడు. మూడో రోజు వార్డులో మతి తప్పాక డాక్టర్లు కారణం వెతుక్కుంటారు. చేరిన గంటలోనే రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నది చెబితే ముందే చికిత్స మొదలుపెడతారు.

తెలంగాణలో కల్లు తాగేవాళ్ల విషయం వేరే చెప్పుకోవాలి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఆడవాళ్లూ, ముసలివాళ్లూ కూడా రోజూ తాగుతుంటారు కాబట్టి, వాళ్లకూ ఈ ముప్పు ఉంది. ఆ కల్లు ఆగితే వచ్చేది ఒక్క మందు విత్‌డ్రాయల్ కాదు, మత్తు మాత్రల విత్‌డ్రాయల్ కూడా. పైన చెప్పిన 48 గంటలు దాటాక కూడా ఫిట్స్ రావచ్చు, లక్షణాలు వారాలు సాగొచ్చు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి కల్లు ఆగినప్పుడు జిల్లాల ఆస్పత్రులు ఇలాంటి రోగులతో నిండాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మందు షాపులు మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు కూడా అదే పరిస్థితి. కల్లు తాగే మనిషైతే డాక్టర్‌కి ‘కల్లు’ అనే మాటే చెప్పండి. మందుల లెక్క మారుతుంది.

కూరలో తెలియకుండా కలిపే ‘మందు మాన్పించే పొడి’ కొనకండి. మందుతో కలిస్తే ఒంటికి పడని డైసల్ఫిరామ్ లాంటి మాత్ర అందులో ఉంటే, తెలియక పెగ్గు వేసినవాడికి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాత్ర మనిషికి చెప్పి, ఒప్పించి, చివరి పెగ్గు తర్వాత కనీసం 12 గంటలైనా గడిచాకే డాక్టర్ మొదలుపెడతారు. దాని ప్రభావం ఆపేశాక కూడా రెండు వారాల వరకు ఉంటుంది.

వైద్యానికి మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోని మానసిక వైద్య విభాగానికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆస్పత్రులున్నాయి. దారి తెలియకపోతే టెలీ మానస్ 14416కి గానీ, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి గానీ ఫోన్ చేసి అడగండి. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు రాత్రి పూట డాక్టర్ లేదా నర్సు ఉంటారా అని అడగండి. లేరంటే మొదటి ఐదు రోజులకు ఆ చోటు పనికిరాదు.

ఐదో రోజు దాటాక వణుకు, చెమట చాలామందిలో తగ్గిపోతాయి. నిద్ర మాత్రం వారాల తరబడి కుదురుకోదు. చిరాకు, నీరసం ఉంటాయి, అది చికిత్స పని చేయలేదనడానికి గుర్తు కాదు. వారం తిరిగేసరికి మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తాగాలనే యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులున్నాయి, లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది సరిపడుతుందో డాక్టరే చెబుతారు. మధ్యలో ఒక రోజు తాగేశాడని తెలిస్తే తిట్టి దాచుకునేలా చేయకండి. ఆ రోజు మిగిలిన మాత్రలు ఇవ్వకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి, గోడ మీది పాత కాగితం తీసేసి కొత్త టైము రాయండి.