పసిబిడ్డకు స్కెలెటల్ సర్వే తీసేటప్పుడు

చెన్నైలో పిల్లల ఎక్స్‌రే గదిలో పని చేస్తున్నాను. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి బిడ్డలను ఎత్తుకొచ్చేవాళ్లతో తెలుగులో మాట్లాడే పని నాదే. ఇది కొత్తగా చేరిన రేడియోగ్రాఫర్ల కోసం.

రెండేళ్లలోపు బిడ్డను ఎవరో కొట్టారన్న అనుమానంతో డాక్టరు స్కెలెటల్ సర్వే, అంటే ఒంట్లోని ఎముకలన్నిటికీ ఎక్స్‌రేలు, రాస్తే, ఒంటిని మొత్తం ఒకే ఎక్స్‌రేలో ఇరికించకండి. రేడియేషన్ డోసు తగ్గుతుంది కదా అంటారు కొందరు. ఏమీ కనిపించని ఫిల్ముకు ఇచ్చిన డోసు ఎంత తక్కువైనా దండగే. పుర్రె, ఛాతీ, వెన్నెముక, కటి, చేతులు, కాళ్లు, అరచేతులు, పాదాలు దేనికది తీయాలి. మొత్తం ఇరవై దాకా అవుతాయి. 1946లో జాన్ కాఫీ అనే అమెరికా డాక్టరు, పుర్రె లోపల రక్తం చేరిన ఆరుగురు పసివాళ్లలో చేతులు, కాళ్ల ఎముకలు కూడా విరిగి ఉన్నాయని రాశాడు. దెబ్బ ఒకచోటే ఉంటుందని అనుకోవడానికి లేదు.

ఛాతీకి ఎదురుగా, పక్కనుంచి తీసి ఆపేయకుండా రెండు ఏటవాలు వ్యూలు కూడా తీయండి. ఛాతీని రెండు చేతులతో పట్టి గట్టిగా నొక్కితే పక్కటెముకలు వెనక, వెన్ను దగ్గర పగులుతాయి. పైన కమిలిన మచ్చ కూడా ఉండకపోవచ్చు. మోకాలు, చీలమండ దగ్గర ఎముక అంచున చిన్న పెచ్చు లేచినట్టుంటే అదీ ముఖ్యమే. బిడ్డ కాస్త కదిలినా ఆ పెచ్చు కనిపించదు. అందుకే పట్టుకోవడానికి సిస్టరును, ఇంకొకరిని పిలవండి, లెడ్ ఏప్రాన్లు ఇవ్వండి. కుడి, ఎడమ మార్కర్లు ఎక్స్‌పోజర్‌లోనే పడాలి, కంప్యూటర్‌లో తర్వాత అతికించకండి. ఈ ఫిల్ములు కోర్టుకూ వెళ్లొచ్చు.

తల్లితో "అమ్మా, ఎముకలన్నీ ఒకసారి చూడమన్నారు డాక్టరుగారు" అంటే చాలు. ఎముకలు మెత్తబడే రికెట్స్ ఉన్నా, పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉన్నా పగుళ్లు వస్తాయి. మన పిల్లల నడుం మీది నీలిమచ్చ దెబ్బే కానక్కర్లేదు. తేల్చాల్సింది డాక్టర్లు, ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) నమోదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కూడా వాళ్లే చూసుకుంటారు. మన ముఖంలో మాత్రం ఏమీ కనిపించకూడదు, అదే కష్టం.

కొత్త పగులు చాలాసార్లు మొదటిరోజు కనిపించదు. చుట్టూ కొత్త ఎముక పట్టాకే బయటపడుతుంది కాబట్టి రెండు వారాలకు మళ్లీ తీస్తారు, అప్పుడు సాధారణంగా పుర్రె అక్కర్లేదు. ఆ తేదీ చీటీ తల్లిదండ్రులకు ఇచ్చి ఊరుకోకండి. వార్డు రిజిస్టరులోనూ రాయించండి.