ఎస్పీ రోడ్డుకు వెళ్లే ముందు: చిన్న ల్యాప్‌టాప్, కాస్త గేమింగ్

ల్యాప్‌టాప్ కొనడానికి, కంప్యూటర్ దుకాణాలుండే బెంగళూరు ఎస్పీ రోడ్డులో అడుగు పెట్టేలోపే ఏ ఆటలు ఆడతారో కాగితం మీద రాసుకోండి. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ వంటివైతే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. వేరే గ్రాఫిక్స్ చిప్ కోసం అదనపు బరువు మోయనక్కర్లేదు.

అసలు జాగ్రత్త ర్యామ్ దగ్గర. ఇలాంటి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుకే 16 జీబీ తీసుకోండి, అదీ డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు ర్యామ్‌లు జతగా పనిచేసేలా ఉండాలి. ఒకే 8 జీబీ ర్యామ్‌తో ఆట తడబడుతుంది. పలుచని మోడళ్లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే టంకం వేసేస్తారు, తర్వాత మార్చుకోలేం. "తర్వాత పెంచుకోవచ్చు సార్" అని దుకాణదారు అంటే, ఖాళీ స్లాట్ ఉందో లేదో ఆ మోడల్ వివరాల్లో చూపించమనండి.

బరువులో చార్జర్‌నూ కలపండి. 1.3 కిలోల ల్యాప్‌టాప్‌కు అర కిలో చార్జర్ తోడైతే, రద్దీ మెట్రోలో నిలబడి వెళ్లే భుజానికి తెలుస్తుంది.

డెమో యంత్రం మీద 15 నిమిషాలైనా ఆట నడిపించండి. మొదటి రెండు నిమిషాల వేగాన్ని నమ్మకండి. వేడెక్కాక ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆటలో ఎక్కువగా నొక్కే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటల మీద వేళ్లు ఉంచి వేడి చూడండి.

బిల్లు మీద, అట్టపెట్టె మీద, యంత్రం అడుగున ఉన్న సీరియల్ నంబర్లు మూడూ ఒకటేనని చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.