హ్యామ్ రేడియోలో ఉత్సాహం చల్లారకుండా ఉండాలంటే ఏం చేయాలి?

హ్యామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో) అంటే ప్రభుత్వ లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్‌తో దూరాలవాళ్లతో మాట్లాడే హాబీ. లైసెన్సు చేతికొచ్చిన కొత్తలో కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే మన రేడియో పేరు) పలకడమే పండగలా ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి రిపీటర్‌లో (మన సిగ్నల్‌ను అందుకుని ఇంకా దూరం పంపే స్టేషన్) అవే గొంతులు, అవే పలకరింపులు. చేతి రేడియో మెల్లగా బీరువాలోకి వెళ్లిపోతుంది. ఇంకా పరీక్ష రాయనివాళ్లేమో, ఇంత మొబైల్ కాలంలో ఇదంతా ఎందుకు అనుకుని ఆగిపోతారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. మిమ్మల్ని ఆశ్చర్యపరిచేది ఏదైనా ముందు మీ చెవులతో వినండి. విన్నదాన్ని ఇంకొకరు కూడా వెళ్లి వినగలిగేంత వివరంగా చెప్పండి.

1. పైసా ఖర్చు లేకుండా వినడం మొదలుపెట్టండి

నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఒక వెబ్ ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) రిసీవర్ ఉంది. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, అక్కడి యాంటెన్నాకు అందే షార్ట్‌వేవ్ సంకేతాలు మీ ఫోన్‌లో వినిపిస్తాయి. 14.000 నుంచి 14.350 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న బ్యాండ్‌కు వెళ్లి, మాటలు వినడానికి యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్ పెట్టి, నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లండి. ముందు బాతు అరిచినట్టు ఉండే శబ్దం సరైన చోట ఆగగానే మనిషి గొంతైపోతుంది. "సీక్యూ" (ఎవరైనా మాట్లాడతారా) అని పిలుస్తున్నవారి కాల్ సైన్ మొదటి అక్షరాలను బట్టి దేశం పట్టుకోవచ్చు. జేఏ అంటే జపాన్, డీఎల్ అంటే జర్మనీ, వీయూ అంటే మనం.

ఒకే బ్యాండ్‌ను పొద్దున, మధ్యాహ్నం, రాత్రి విని చూడండి. పగలు సందడిగా ఉన్న చోట రాత్రికి నిశ్శబ్దం ఉండవచ్చు. 7 మెగాహెర్ట్జ్‌లో ఇది తిరగబడి, చీకటి పడ్డాక దూరం పెరుగుతుంది. ఆ బ్యాండ్‌లో మాటలకు ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్) మోడ్ పెట్టాలి. రేడియో తరంగాలను తిరిగి భూమికి పంపే పైపొర అయనోస్ఫియర్‌ను సూర్యుడు ఎలా మారుస్తాడో పుస్తకంలో చదవడం వేరు, చెవితో పట్టుకోవడం వేరు.

2. ఆకాశం నుంచి ఒక బొమ్మ పట్టుకోండి

కొత్తవాళ్లకు మొదటి లక్ష్యంగా నేనైతే దీన్నే చెబుతాను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, అప్పుడప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద ఎస్‌ఎస్‌టీవీ పద్ధతిలో (బొమ్మను శబ్దంగా మార్చి నెమ్మదిగా పంపడం) బొమ్మలు పంపుతుంది. ఏ రోజుల్లో పంపుతారో అంతరిక్ష కేంద్రంలోని హ్యామ్ రేడియోను చూసే ఏరిస్ సంస్థ ముందే ప్రకటిస్తుంది. మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళుతుందో ఫోన్ యాప్‌లో చూసుకోండి. యూఎస్‌బీ డాంగిల్ లాంటి చవకైన ఎస్‌డీఆర్ రిసీవర్ ఉన్నా చాలు, ఎఫ్‌ఎం మోడ్‌లో పెట్టి మేడ ఎక్కండి.

ఒక పాస్ (అది ఒకసారి మన మీదుగా వెళ్లడం) సుమారు 10 నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి, ఆ శబ్దాన్ని బొమ్మగా మార్చే రోబో36 యాప్‌ను ముందే తెరిచి, ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టుకోండి. యాంటెన్నాను అటూ ఇటూ తిప్పుతూ సిగ్నల్ బలంగా వచ్చే వాలు వెతకండి. ఒక్కో బొమ్మ పూర్తవడానికి సుమారు 2 నిమిషాలు పడుతుంది. ఒక్కో గీత ఫోన్ తెర మీదకు దిగుతుంటే పక్కన నిలబడ్డ పిల్లలు కదలరు. సగం బొమ్మ చెదిరిపోయినా దాచుకోండి. ఆ చెదిరిన చోట అడ్డొచ్చింది గోడా, చెట్టా అని వెతకడంలోనే యాంటెన్నా పాఠం సగం వచ్చేస్తుంది.

3. ఈ హాబీ చరిత్ర మన పక్కనే ఉంది, తెలుసుకోండి

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద హ్యామ్‌శాట్ అనే ఉపగ్రహం పైకి వెళ్లింది. ఇస్రో దాన్ని హ్యామ్‌ల కోసమే చేసింది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో (సిగ్నల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు) ఒకటి నెదర్లాండ్స్ విద్యార్థి ఒకరు తయారు చేసింది. 2014 దాకా ప్రపంచమంతా దాని ద్వారా మాట్లాడుకుంది.

హ్యామ్‌శాట్ వెళ్లడానికి ముందు ఏడాది, 2004 డిసెంబర్‌లో, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అండమాన్ వెళ్లింది. ఆ బృందంలోని భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో దేశదేశాల హ్యామ్‌లను పలకరిస్తున్న రోజులవి. 26న భూకంపం, వెంటనే సునామీ. సరదా కోసం తీసుకెళ్లిన రిగ్‌లే (రేడియో సెట్లే), మామూలు కమ్యూనికేషన్లు దెబ్బతిన్న దీవుల నుంచి క్షేమ సమాచారాలు బయటకు చేరవేశాయి. హ్యామ్ రేడియో ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

4. విన్నది వెంటనే లాగ్ బుక్‌లో రాయండి

తేదీ, యూటీసీ సమయం (ప్రపంచమంతా వాడే ఉమ్మడి సమయం, మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే వస్తుంది), ఫ్రీక్వెన్సీ, మోడ్, అవతలి కాల్ సైన్, సిగ్నల్ రిపోర్ట్ (ఎంత బాగా వినిపించిందో). పక్కన ఒక మాట: వాన పడుతోంది, కరెంటు పోయింది, యాంటెన్నా ఇంకొంచెం పైకి కట్టాను. కరెంటు పోయిన రాత్రి బ్యాండ్ ఎంత శుభ్రంగా ఉందో రాసుకుంటే, ఇంట్లోని ఏ ఛార్జరో ఎల్‌ఈడీ బల్బో గోల చేస్తోందని ఎప్పుడో ఒకసారి తడుతుంది.

5. ఇంకొకరు చేసి చూడగలిగేలా చెప్పండి

"రాత్రి జపాన్ దొరికింది" అంటే అభినందనలు వస్తాయి, అంతే. "14 మెగాహెర్ట్జ్, 10 మీటర్ల డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపిన వైరు యాంటెన్నా), రెండంతస్తుల మేడ మీద, చివర్లు తూర్పు పడమరలుగా కాకుండా ఉత్తర దక్షిణాలుగా కట్టాక దొరికింది" అంటే, వినే నలుగురిలో ఒక్కరైనా మర్నాడే వైరు కొంటారు. ఆ 10 మీటర్లు ఎలా వచ్చాయో కూడా చెప్పండి: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే హాఫ్‌వేవ్ (సుమారు సగం తరంగం పొడవున్న) డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. పని చేయని యాంటెన్నా కొలతలు కూడా దాచకుండా పంచుకోవాలి, వాటికి ఇంకా ఎక్కువ విలువ.

క్యూఎస్‌ఎల్ కార్డు (మాట్లాడుకున్నామని ధ్రువీకరిస్తూ పంపే కార్డు) వస్తే జవాబు తప్పకుండా రాయండి. అవతలివారికి మన దేశం నుంచి అందే మొదటి కార్డు అదే కావచ్చు.

6. పక్కవాళ్లకు హెడ్‌ఫోన్ ఇవ్వండి

మైక్ పట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలి, లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. వినిపించడానికి ఆ అడ్డంకి లేదు. బడిలో చూపించే అవకాశం దొరికితే ఉపన్యాసం వద్దు. పిల్లల పేర్లను మోర్స్‌లో (చుక్కలు, గీతల సంకేతాలు) కొట్టి చూపించండి, తర్వాత వాళ్ల చేతికి కీ ఇవ్వండి. ఏప్రిల్ 18 ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినోత్సవం, అడగడానికి మంచి సాకు.

ఎవరైనా "నేనూ చేస్తాను" అంటే దారి చూపించండి. 12 ఏళ్లు నిండితే ఏఎస్‌ఓసీ (హ్యామ్ లైసెన్సుకు కావాల్సిన) పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్‌లు, జనరల్‌కు మోర్స్ కూడా రావాలి. పాసయ్యాక లైసెన్సు కోసం కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ లైసెన్సులు ఇచ్చే) విభాగానికి దరఖాస్తు చేయాలి. కాల్ సైన్ వచ్చేవరకు నిరీక్షణ ఉంటుంది, ఆ రోజుల్లో వాళ్లను ఒంటరిగా వదలకండి. వారానికోసారి పిలిచి మీ రిగ్ పక్కన కూర్చోబెట్టుకుని బ్యాండ్ వినిపించండి, లాగ్ రాసే పని వాళ్లకే అప్పగించండి.