అంతర్జాతీయ సంస్థ ఆఫీసు కోసం నెల్లూరు పోటీపడాలంటే: స్థలం, ఖర్చు, లీజు

ఆక్వా రంగంలో పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థ ప్రాంతీయ ఆఫీసు పెట్టడానికి ఊళ్ల నుంచి ప్రతిపాదనలు అడిగిందనుకుందాం. ముత్తుకూరు మత్స్య కళాశాల, కృష్ణపట్నం పోర్టు, చుట్టూ రొయ్యల చెరువులు ఉన్న నెల్లూరు ధైర్యంగా ముందుకు రావచ్చు. మొదట తేల్చుకోవాల్సింది స్థలం సంగతి.

సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడండి. అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (హక్కుల రికార్డు), ఎఫ్‌ఎంబీ (కొలతల పటం), ఈసీ (లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) భూమి అయితే చేతులు మారిన చరిత్రంతా తేలేదాకా ఫైల్లో పెట్టొద్దు. సముద్రం వైపు చూస్తుంటే పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు వర్తిస్తాయి. ఇక వరద. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. అందుకే సైటుకు దగ్గరలోని పాత గోడల మీద ఆ నాటి నీటి మరక ఎక్కడిదాకా ఉందో టేపు పెట్టి కొలవండి. జనరేటరు, సర్వరు గది ఆ గీతకు పైనే ఉండాలి.

విస్తీర్ణం కార్పెట్ ఏరియాలోనే (గోడలు పోను లోపల వాడుకునే చోటు) చెప్పండి. 60 మంది సిబ్బందికి తలకు 110 చదరపు అడుగుల చొప్పున 6,600. సమావేశ మందిరం, రికార్డు గది, సర్వరు గది, నడవాలు కలిపితే 10,000 దాకా పోతుంది. గోడలు వగైరా కలిపిన బిల్టప్‌లో అది 13,000 పైమాటే. ఈ రెండూ కలగాపులగం చేస్తే అద్దె లెక్క మొత్తం తప్పుతుంది.

ఖర్చుల పట్టికలో ప్రతి వరుసకూ ఎంత, ఎవరు, ఎన్నేళ్లు అన్న మూడు గళ్లు పెట్టండి. అద్దె మాఫీ అని రాసి, లిఫ్టు, ఏసీల మెయింటెనెన్స్ ఎవరిదో రాయకపోతే మూడో ఏడు గొడవే. ఐక్యరాజ్యసమితికి సంబంధించిన 1946 ఒప్పందంలోనే కరెంటు, నీళ్ల లాంటి సేవల ఛార్జీలకు మినహాయింపు కోరబోమని ఉంది. అందుకే ఆ బిల్లులకు విడిగా వరుస ఉండాలి. స్టాంపు డ్యూటీ తగ్గింపు రాష్ట్రం చేతిలో ఉంది. ఆదాయపు పన్ను, కస్టమ్స్ కేంద్రానివి, వాటి మీద జిల్లా స్థాయిలో మాట ఇవ్వకూడదు. సంస్థ దేశంలో పనిచేసే షరతుల మీద ఆతిథ్య ఒప్పందం కుదుర్చుకునేది కేంద్రమే, రక్షణలు (కోర్టు కేసులు, పన్నుల లాంటి వాటి నుంచి మినహాయింపులు) 1947 నాటి ఐక్యరాజ్యసమితి (ప్రత్యేక హక్కులు, రక్షణలు) చట్టం కింద నోటిఫై అవుతాయి.

భవనం ప్రైవేటుదైతే ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. రక్షణలున్న సంస్థ అద్దె బాకీపడితే యజమాని మామూలుగా కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేడు. అనుమతి లేకుండా రిపేరుకైనా లోపలికి పోలేడు. కాబట్టి ప్రభుత్వం యజమాని దగ్గర లీజు తీసుకుని సంస్థకు అప్పగించడం మేలు. అప్పుడు బాకీకి ప్రభుత్వమే జవాబుదారీ. ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలి. రిపేర్లకూ, ఫైర్ తనిఖీకీ ఎన్ని గంటల ముందు చెప్పాలో, వివాదమొస్తే ఏ మధ్యవర్తిత్వమో అందులోనే రాయాలి.

వెళ్లిపోయే షరతు లేకుండా సంతకం వద్దు. యూరప్‌లో మందులను పరిశీలించే ఈయూ సంస్థ (ఈఎంఏ) లండన్ కానరీ వార్ఫ్‌లో 2039 దాకా లీజు తీసుకుంది, మధ్యలో విరమించుకునే వీలు పెట్టుకోలేదు. బ్రెగ్జిట్ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌కు మారాల్సి వచ్చినా, లీజు రద్దవదని 2019లో లండన్ హైకోర్టు తేల్చింది. భవనాన్ని మరొకరికి సబ్‌లీజుకివ్వాల్సి వచ్చింది. మన ముసాయిదాలో 5, 10 ఏళ్ల దగ్గర 12 నెలల నోటీసుతో విరమణ పెట్టి, గోడలు, వైరింగు యథాస్థితికి తెచ్చే ఖర్చు ఎవరిదో అదే పేరాలో రాయండి.