సోవియట్ కాలపు జోకును తెలుగులో చెప్పాలనుకునేవారికి

సోవియట్ యూనియన్‌లోనూ తూర్పు యూరప్ సోషలిస్టు దేశాలలోనూ జనం చాటుమాటుగా చెప్పుకొన్న జోకులు ఇప్పుడు తెలుగు వాట్సాప్ గ్రూపులలో విరివిగా తిరుగుతున్నాయి. చేతులు మారేకొద్దీ పేర్లు మారి, సందర్భం ఊడిపోయి, ఫలానా నాయకుడు తెలివితక్కువవాడన్న మాట ఒక్కటే వాటిలో మిగులుతోంది. వాటిని సరిగా చెప్పాలంటే కొంత ముందస్తు పని అవసరం.

ముందుగా, ఆ జోకు ఏ ప్రభుత్వ నినాదాన్ని ఆధారం చేసుకున్నదో పట్టుకోవాలి. 1970లో లెనిన్ శతజయంతి సందర్భంగా దేశమంతా ఆయన పేరుతో, బొమ్మలతో నిండిపోయింది. ‘లెనిన్ ఎల్లప్పుడూ మనతోనే’ అన్న మాట ఎక్కడ చూసినా కనబడేది. అప్పుడు పుట్టిన జోకు ప్రకారం, ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీ కొత్త దంపతుల కోసం ముగ్గురు పట్టే మంచం తయారుచేసింది. కారణం అడిగితే, లెనిన్ ఎల్లప్పుడూ మనతోనే ఉంటాడు కదా అన్నారు. నినాదంలో ఒక్క అక్షరమైనా మారలేదు. దాన్ని పడకగదిలోకి తీసుకువెళ్లారు, అంతే. కాబట్టి నినాదాన్ని శ్రోతకు ముందే వినిపించాలి. నవ్వాక వివరించబోతే ఉన్న నవ్వు కూడా పోతుంది.

తరువాత చూడవలసింది దుకాణం. ఒకాయన కొట్టులోకి వచ్చి, “మీ దగ్గర చేపలు లేవా?” అని అడుగుతాడు. “మా దగ్గర లేనిది మాంసం. చేపలు లేని కొట్టు ఎదురుగా ఉంది” అంటుంది అమ్మే ఆవిడ. దీన్ని సూపర్ మార్కెట్‌కు మార్చి చెప్పేవారున్నారు. అలా చేస్తే జోకు చచ్చిపోతుంది. మాంసం కొట్టు వేరుగా, చేపల కొట్టు వేరుగా, దేనికి దానికి బోర్డు ఉండాలి. సరుకు లేకపోయినా బోర్డూ, కౌంటరూ, జీతం తీసుకునే మనిషీ యథాస్థానంలో ఉండాలి. రేషను షాపు ముందు కిరోసిన్ డబ్బాలను వరుసలో పెట్టి నిలబడిన తరానికి ఇందులో సగం చెప్పకుండానే అర్థమవుతుంది. మిగతా సగం మాత్రం చెప్పాలి: మనకు రేషను దొరక్కపోతే ఎదురుగా శెట్టిగారి కొట్టు ఉండేది, ఈ జోకులో ఎదురుగా ఉన్నది కూడా ప్రభుత్వ దుకాణమే.

కాలాన్ని కలగాపులగం చేయకూడదు. స్టాలిన్ హయాంలో జోకు చెప్పినందుకు శిక్షాస్మృతి 58వ అధికరణం కింద, సోవియట్ వ్యతిరేక ప్రచారమనే నేరం మోపి, నిర్బంధ శిబిరాలకు పంపారు. రష్యా వాయవ్యంలోని శ్వేతసముద్ర కాలువను 1931–33 మధ్య ఖైదీల చేతనే తవ్వించారు. “ఆ కాలువ ఎవరు తవ్వారు?” అన్న ప్రశ్నకు, “కుడి గట్టు జోకులు చెప్పినవాళ్లు, ఎడమ గట్టు విన్నవాళ్లు” అన్న జవాబును ఈ సంగతి తెలిసి చెబితే గొంతు దానంతటదే తగ్గుతుంది. తరువాతి నాయకుల్లో బ్రెజ్నెవ్ నాటికి శిక్ష భయం పూర్తిగా పోకపోయినా బాగా సడలింది. బ్రెజ్నెవ్‌కు ముందు నాయకుడైన క్రుష్చేవ్ కట్టించిన ఇరుకు ఫ్లాట్లలో చాలా కుటుంబాలకు మొదటిసారి సొంత వంటగది దొరికింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారికి జోకు రోజువారీ కాలక్షేపమైంది.

ప్రభుత్వ అనుమతి పొందిన హాస్యాన్ని దీనితో కలపవద్దు. 1922లో మొదలైన సోవియట్ హాస్య పత్రిక ‘క్రొకడీల్’ తాగుబోతు మేనేజరునూ, లంచగొండి గుమస్తానూ ఏకిపారేసేది గాని పార్టీ అగ్రనాయకత్వం జోలికి వెళ్లేది కాదు. బల్గేరియాలోని గబ్రోవోలోనైతే 1972లో ఏకంగా హాస్యానికొక భవనమే తెరిచారు. వాటి కార్టూన్లను తిరుగుబాటు గొంతుగా చూపడం పొరపాటు.

చెప్పడానికి అన్నిటికన్నా తేలికైనవి, సోవియట్ ఆర్మేనియా రాజధాని పేరుతో జనం అల్లిన ‘యెరెవాన్ రేడియో’ జోకులు. శ్రోత ప్రశ్నిస్తాడు, రేడియో జవాబిస్తుంది. “మాస్కోలో ఇవాన్ ఇవానొవిచ్‌కు లాటరీలో కారు వచ్చిందట, నిజమేనా?” “సూత్రప్రాయంగా నిజమే. అయితే మాస్కోలో కాదు, కీవ్‌లో. కారు కాదు, సైకిలు. రావడం కాదు, ఎవరో ఎత్తుకుపోయారు.” దీన్ని గబగబా చదివితే పండదు. ఆకాశవాణి వార్తలు చదివే గొంతుతో, నవ్వు జాడ లేకుండా, ఒక్కొక్క సవరణ దగ్గర ఆగుతూ చదవాలి. ‘సూత్రప్రాయంగా’ అన్న మాటను వదలవద్దు. దానికి బదులు ‘అవును గానీ’ అంటే రేడియో పోయి పక్కింటాయన మిగులుతాడు.

చివరగా పేర్ల సంగతి. 1985 మేలో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మద్యంపై ఆంక్షలు తేవడంతో వోడ్కా క్యూలు పెరిగాయి. క్యూలో విసిగిన ఒకడు గోర్బచేవ్‌ను చంపేసి వస్తానని క్రెమ్లిన్‌కు బయలుదేరి, కాసేపటికి తిరిగివచ్చి, “అక్కడి క్యూ ఇంకా పెద్దది” అన్నాడట. పదవి దిగాక గోర్బచేవే దీన్ని టీవీలో చెప్పి నవ్వించాడు. ఇందులో మరో నాయకుడి పేరు పెట్టాలనిపిస్తే, వోడ్కా కోసం జనాన్ని క్యూలో నిలబెట్టినవాడు ఆయన అవునో కాదో ముందు చూసుకోవాలి.