రిక్రూటింగ్ ర్యాంకులు చూసి బ్రాకెట్ నింపేవాళ్లకి

మార్చి రాగానే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ (ఎన్‌సీఏఏ) కోసం మా ఆఫీసులో బ్రాకెట్, అంటే ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ఊహించే పట్టిక, నింపే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, ఈసారి టాప్ రిక్రూట్లు (హైస్కూల్ నుంచి కొత్తగా వచ్చిన స్టార్లు) ఏ టీమ్‌లో ఉన్నారు?" చెప్తాను. చెప్పి, వాళ్ల పక్కన ఎవరు ఆడుతున్నారో చూసి రమ్మంటాను.

247స్పోర్ట్స్, ఈఎస్‌పీఎన్ లాంటి క్రీడా సైట్లు ఇచ్చే ర్యాంకు హైస్కూల్ కుర్రాడి సత్తా మీద వేసిన అంచనా. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరు పైన పోతారో చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది. గెలుపు సంగతి వేరు. 2024-25లో రట్గర్స్ యూనివర్సిటీకి డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ అనే ఇద్దరు టాప్ రిక్రూట్లు దొరికారు. డ్రాఫ్ట్‌లో ఒకరు 2వ, ఇంకొకరు 5వ స్థానంలో పోయారు. టీమ్ మాత్రం 15 గెలిచి 17 ఓడింది, ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొహం చూడలేదు. అదే ఏడాది కప్పు కొట్టిన ఫ్లోరిడాలో వాల్టర్ క్లేటన్ అయోనా నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి, అంటే వేరే కాలేజీల నుంచి బదిలీ అయి వచ్చినవాళ్లు. ముగ్గురూ సీనియర్లే, అంటే కాలేజీ చివరి ఏడాది వాళ్లే.

కాబట్టి రోస్టర్ (టీమ్ ఆటగాళ్ల జాబితా) తెరిచి ఒక్కో పేరు పక్కన రెండు విషయాలు రాసుకోండి: కాలేజీలో ఎన్నో ఏడాది, ఎక్కడి నుంచి వచ్చాడు. తర్వాత, పోయినేడాది ఎక్కువ నిమిషాలు ఆడినవాళ్లలో ఎంతమంది మిగిలారో లెక్కేయండి. 2021 నుంచి బదిలీ అయిన ఆటగాడు ఏడాది ఆగకుండా వెంటనే ఆడొచ్చు కాబట్టి, ట్రాన్స్‌ఫర్ల జాబితా చూడకుండా ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) క్లాస్ ర్యాంకు ఒక్కటే పట్టుకుంటే సగం టీమ్‌ని వదిలేసినట్టే.

అలాగని ర్యాంకుని తీసి పారేయకండి. 2012లో కెంటకీ కప్పు గెలిచింది ఆంథొనీ డేవిస్ లాంటి ఫ్రెష్‌మెన్ వల్లే, కాకపోతే పక్కన సీనియర్ డేరియస్ మిల్లర్, రెండో ఏడాది డోరన్ లాంబ్ ఉన్నారు. 2025లో డ్యూక్‌ని ఫ్రెష్‌మన్ స్టార్ కూపర్ ఫ్లాగ్ ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్) దాకా తెచ్చాడు. అక్కడ హూస్టన్‌తో చివరి నిమిషం చూడండి, నాకు అంతకన్నా మంచి పాఠం దొరకలేదు. డ్యూక్ ఆధిక్యం ఒక్క పాయింటు, 20 సెకన్ల లోపే మిగిలి ఉంది. రీబౌండ్ దగ్గర ఫ్లాగ్ ఫౌల్ చేశాడు. లైన్ దగ్గరికొచ్చింది జేవాన్ రాబర్ట్స్, ఏళ్ల తరబడి హూస్టన్‌లోనే ఉన్నవాడు, ఫ్రీ త్రోలకి పేరున్నవాడేం కాదు. రెండూ వేశాడు. తర్వాత ఫ్లాగ్ షాట్ పడలేదు. చివరికి 70-67తో హూస్టన్ గెలిచింది.

గాయాల దగ్గర కూడా ఇదే పద్ధతి. 2013 ఫిబ్రవరిలో స్టార్ ఆటగాడు నెర్లెన్స్ నోయెల్ మోకాలు దెబ్బతిన్నాక కెంటకీకి టోర్నమెంటే దక్కలేదు. 2025లో ఏసీసీ (డ్యూక్ ఆడే లీగ్) టోర్నమెంట్ మధ్యలో ఫ్లాగ్ చీలమండ మెలికపడితే మా వాళ్లకి ఒకటే టెన్షన్. అతను లేకుండానే డ్యూక్ ఆ టోర్నమెంట్ గెలిచేసింది. గురువారం బ్రాకెట్ లాక్ అయ్యేలోపు, స్టార్ పేరు కొట్టేసి మిగతా ఐదుగుర్ని చూడండి. వాళ్లతో గెలుస్తుందనిపిస్తే ఆ టీమ్‌ని ముందుకు పంపండి.