సైకాలజీ చదువుకి అప్పు చేసే ముందు: ఒక మిర్చి యార్డు గుమస్తా లెక్క

ఇంటర్ అయిపోగానే మా అమ్మాయి సైకాలజీ చదువుతానంది. "పిచ్చి డాక్టరా?" అని మా బావమరిది నవ్వాడు. "డాక్టర్‌ని కూడా కాను మావయ్యా, మందులు రాయడానికి ఉండదు" అందది. నాకు నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో పద్దులు రాస్తున్నాను. ఎంత పెట్టాలి, ఎప్పుడు చేతికొస్తుంది, ఈ రెండు ప్రశ్నలే నాకు తెలిసినవి. యార్డు వేసవి సెలవుల్లో కూర్చుని వాటినే ఈ చదువుకీ వేశాను. మీ ఇంట్లోనూ ఇదే గొడవ నడుస్తుంటే ఒక నోటుబుక్కు తీయండి.

ముందు ఏళ్లు రాయండి, ఫీజు తర్వాత. బీఏ గానీ బీఎస్సీ గానీ మూడేళ్లు. ఆ పట్టాతో క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవడానికి లేదు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ కావాలి. ఇన్నాళ్లూ డిగ్రీ మూడు, ఎంఏ రెండు, ఆపైన ఎంఫిల్ రెండు, వెరసి ఏడేళ్ల దారి. ఆ ఎంఫిల్‌లో చేరికలకి యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2025-26తో గీత గీసేసింది. అందుకని మీరు చేరే ఏడాదికి ఆర్‌సీఐ గుర్తింపు ఏ కోర్సుకి, ఏ కాలేజీలో ఉందో వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి. బ్రోచర్‌లో 'క్లినికల్' అని అచ్చేసుకున్నంత మాత్రాన సరిపోదు. దూరవిద్యలో చౌకగా అవుతుందని నేనూ మొదట రాసుకున్నాను, తర్వాత కొట్టేశాను. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని 2025 జులై-ఆగస్టు చేరికల నుంచి యూజీసీ ఆపేసింది.

ఇప్పుడు అప్పు. మేం చూసిన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి రెండు లక్షలు. మూడేళ్లకి ఆరు లక్షలు. వడ్డీ పది శాతం అనుకోండి. మన లెక్కలో నూటికి నెలకి 83 పైసలు, రూపాయి వడ్డీ కన్నా తక్కువే. మా ఆవిడ "ఇంతేనా" అంది. నేనూ అక్కడే మోసపోబోయాను.

చదువుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ బ్యాంకు కిస్తీ అడగదు. కానీ కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి, అద్దె పడుతున్నట్టే వడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న రెండు లక్షల మీద నాలుగేళ్లకి 80,000, రెండో ఏటి దాని మీద 60,000, మూడో ఏటి దాని మీద 40,000. కిస్తీ మొదలయ్యే రోజుకి ఆరు లక్షలు 7 లక్షల 80 వేలు అయి కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 10,300. మొత్తం కట్టేది 12 లక్షల 37 వేల దాకా. అదే వడ్డీని ఎప్పటికప్పుడు కడుతూ పోతే, మొదటి ఏడాది నెలకి 1,667 చొప్పున, రెండో ఏడాది 3,333, ఆపైన 5,000, కిస్తీ 7,930కి దిగుతుంది. అన్నీ కలుపుకున్నా లక్షకి పైగా మిగులుతుంది. ఇలా కట్టేవాళ్లకి కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి, అడగండి. పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర ప్రభుత్వ చదువు అప్పుల పథకం కింద ఏటా ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకి, కిస్తీ మొదలయ్యే దాకా మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. అది జాబితాలో ఉన్న విద్యాసంస్థలకే, కాబట్టి మీ కాలేజీ పేరుందో లేదో చూసుకోవాలి.

ఇక రాబడి వైపు. కాలేజీ వాళ్లు చెప్పే ప్యాకేజీ రాసుకోకండి. అది సాధారణంగా మొత్తం కాలేజీలో పెద్దది, అదీ కంప్యూటర్ పిల్లలది. "పోయినేడు సైకాలజీలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వరసలో సరిగ్గా మధ్యనున్న పిల్లకి చేతికెంత వస్తోంది?" అని అడగండి. మేం అడిగినచోట కాలేజీ ఆయన మంచినీళ్లు తెప్పించాడు గానీ అంకె చెప్పలేదు.

దాంతో కొత్తపేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గర పనిచేసే అమ్మాయిని కలిశాం. ఎంఏ అయ్యాక మొదట్లో పదహారు వేలకి చేరిందట. ఇప్పుడు కూర్చోబెట్టి మాట్లాడినందుకు వచ్చే ఫీజులో సగం తనది, సగం ఆసుపత్రిది. "అంకుల్, పండగల నెలల్లో ఎవరూ రారు" అంది. అప్పుడు నా పుస్తకంలో రాబడి గడిని పన్నెండు నెలలకి కాకుండా పదికి మార్చాను.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో, వందకి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టాలంది. విజయవాడ చుట్టుపక్కల ఇంటర్ హాస్టళ్లు చూసినవాళ్లెవరికైనా ఆ అవసరం వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగాలు పెరగొచ్చని నాకూ ఆశే. ఎంత జీతం ఇవ్వాలో మాత్రం కోర్టు చెప్పలేదు కాబట్టి ఆ ఆశని అంకెగా రాయలేదు.

కిస్తీ చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాటకూడదని నా పట్టు. 10,300 కిస్తీకి 41,200 జీతం కావాలి. మూడేళ్ల డిగ్రీతో అంత వస్తుందని మాకెవరూ చెప్పలేదు. పైగా అప్పటికి పిల్ల ఇంకా ఎంఏలో ఉంటుంది. అందుకే నేను పట్టుకున్నది ఒక్కటే: డిగ్రీకి అప్పు వద్దు, అప్పు చేసే ఓపికంతా ఆర్‌సీఐ గుర్తింపున్న చివరి కోర్సుకి దాచుకోవాలి. కిస్తీ మోసే జీతం వస్తే అక్కడినుంచే రావాలి.

"నాన్నా, అంటే ఆ క్యాంపస్ వద్దంటున్నావు" అని రెండ్రోజులు మాట్లాడలేదు. క్యాంపస్ బాగానే ఉంది, నాకూ నచ్చింది. ఇప్పుడు ఇంటినుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీలో చేరింది, ఫీజు నా జీతంలోనే సర్దుతున్నాను. అప్పు తీసుకుంటే నెలనెలా వడ్డీకి కట్టేవాణ్ణి కదా అని, ఆ 1,667 దాని పేరు మీద పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాను.